పింక్ ఫ్లాయిడ్: అదే టేపు.. చుట్టూ స్పీకర్లు! ‘డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ను సర్‌రౌండ్‌లో వింటే తేడా ఏంటి?

1973లో వచ్చిన ఒక రాక్ ఆల్బమ్‌కి ఇప్పటిదాకా స్టీరియో కాకుండా మరో మూడు రకాల మిక్స్‌లు వచ్చాయి. మొదట నాలుగు స్పీకర్ల కోసం, తర్వాత 5.1 కోసం, ఈ మధ్యే డాల్బీ అట్మాస్ కోసం. పాడినవాళ్లు అదే, వాయించినవాళ్లు అదే, రికార్డ్ చేసిన టేపులు కూడా అవే. మరి అన్నిసార్లు ఎందుకు చేశారు? వింటే నిజంగా తేడా తెలుస్తుందా? అది తెలియాలంటే ఈ ఆల్బమ్ వెనక కథ, సర్‌రౌండ్ సౌండ్ పని చేసే తీరు రెండూ తెలియాలి.

అసలు ఈ ఆల్బమ్ ఏంటి?

పింక్ ఫ్లాయిడ్ ఇంగ్లండ్‌కు చెందిన రాక్ బ్యాండ్. ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ 1973 మార్చిలో విడుదలైంది. అప్పటికి బ్యాండ్‌లో ఉన్నది నలుగురు. రోజర్ వాటర్స్ (బేస్ గిటార్, సాహిత్యం), డేవిడ్ గిల్మోర్ (గిటార్), రిచర్డ్ రైట్ (కీబోర్డ్), నిక్ మేసన్ (డ్రమ్స్). లండన్‌లోని అబ్బే రోడ్ స్టూడియోలో 1972 మధ్యలో రికార్డింగ్ మొదలై 1973 మొదట్లో పూర్తయింది. ఇంజనీర్ పేరు అలన్ పార్సన్స్. అప్పటికి ఆయన ఇరవైల్లో ఉన్న కుర్రాడు.

మొత్తం నిడివి సుమారు 43 నిమిషాలు. పాటకీ పాటకీ మధ్య గ్యాప్ దాదాపుగా ఉండదు. గుండె చప్పుడుతో మొదలవుతుంది, గుండె చప్పుడుతోనే ముగుస్తుంది. మధ్యలో కాలం, డబ్బు, చావు, మతి తప్పడం.. మనిషిని వెంటాడే విషయాలన్నీ ఒక్కొక్కటిగా వస్తాయి. అమెరికా బిల్‌బోర్డ్ చార్ట్‌లో ఇది నంబర్ వన్‌గా ఉన్నది ఒక్కటే వారం. కానీ 1973 నుంచి 1988 వరకు అదే చార్ట్‌లో 700 వారాలకు పైగా నిలిచింది. అంటే ఒక తరం ఈ ఆల్బమ్‌ని వింటూనే పెరిగింది. ప్రతి గడియారం గంట, ప్రతి నవ్వు ఎక్కడ వస్తుందో వాళ్లకి కంఠతా వచ్చు. అసలు సమస్య కూడా అక్కడే ఉంది. జనం గుండెల్లో ఉన్న శబ్దాన్ని మళ్లీ ముట్టుకోవాలంటే ధైర్యం కావాలి.

రీమాస్టర్ వేరు.. రీమిక్స్ వేరు

చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. కాదు.

వండిన పులుసులో చివర్లో ఉప్పు, పులుపు సరిచూసుకోవడం లాంటిది రీమాస్టర్. అప్పటికే రెండు ఛానళ్లుగా కలిపేసిన స్టీరియో టేపు తీసుకుని దాని టోన్, లెవెల్ సరిచేస్తారు. ఎడమ పక్క ఉన్న గిటార్ ఎడమ పక్కే ఉంటుంది. గొంతుకీ డ్రమ్స్‌కీ మధ్య పాళ్లు దాదాపు అలాగే ఉంటాయి.

రీమిక్స్ అంటే మళ్లీ మొదటి నుంచి పొయ్యి వెలిగించడం. గొంతు ఒక ట్రాక్, బేస్ ఒక ట్రాక్, డ్రమ్స్ కొన్ని ట్రాకులు.. ఇలా విడివిడిగా రికార్డ్ చేసిన మల్టీట్రాక్ టేపుల దగ్గరికి వెళ్లి, ఏది ఎక్కడ వినిపించాలి, ఎంత గట్టిగా వినిపించాలి అన్నది కొత్తగా తేల్చాలి. స్టీరియో టేపు నుంచి అసలు సిసలైన సర్‌రౌండ్ రాదు. ఉన్న రెండు ఛానళ్లనే ఎలక్ట్రానిక్‌గా సాగదీసి వెనక స్పీకర్లకి పంపొచ్చు కానీ, గిటార్‌ని విడదీసి వెనక మూలన కూర్చోబెట్టడం ఆ పద్ధతిలో అంత శుభ్రంగా కుదరదు.

కాబట్టి ‘సర్‌రౌండ్‌లో రీమాస్టర్ చేసిన ఆల్బమ్’ అని ఎక్కడైనా కనిపిస్తే అది చాలావరకు రీమిక్స్ అనే అర్థం. అంటే ఎవరో ఒక ఇంజనీర్ కూర్చుని వందల నిర్ణయాలు మళ్లీ తీసుకున్నారన్నమాట.

1967లోనే నాలుగు మూలల సౌండ్

చాలా పాత ఆల్బమ్‌లకి సర్‌రౌండ్ అనేది తర్వాత తగిలించిన హంగు. ‘డార్క్ సైడ్’ విషయంలో అలా కాదు. స్టేజ్ మీద శబ్దాన్ని ప్రేక్షకుల చుట్టూ తిప్పాలన్న పిచ్చి ఈ బ్యాండ్‌కి ముందు నుంచీ ఉంది.

1967 మే నెలలో లండన్ క్వీన్ ఎలిజబెత్ హాల్‌లో జరిగిన షోలో వాళ్లు ‘అజిమత్ కోఆర్డినేటర్’ అనే పరికరం వాడారు. చూడ్డానికి జాయ్‌స్టిక్‌లు బిగించిన పెట్టెలా ఉంటుంది. జాయ్‌స్టిక్‌ని ఎటు తిప్పితే కీబోర్డ్ శబ్దం హాల్లో ఆ మూలకి వెళ్తుంది. అబ్బే రోడ్‌లో పనిచేసిన బెర్నార్డ్ స్పైట్ అనే ఇంజనీర్ దీన్ని తయారు చేశారు.

స్టూడియోలోకి వచ్చాక కూడా అదే ఆలోచన. ‘టైమ్’ పాట మొదట్లో ఒక్కసారిగా మోగే గడియారాలు గుర్తున్నాయా? పాత గడియారాలు అమ్మే షాపుకి వెళ్లి పార్సన్స్ ఒక్కో గడియారాన్ని విడిగా రికార్డ్ చేశారు. అదీ ఈ పాట కోసం కాదు, నాలుగు స్పీకర్ల సౌండ్ ఎలా ఉంటుందో చూపించే డెమో కోసం. అది తర్వాత ఆల్బమ్‌లోకి వచ్చింది. ‘మనీ’ పాట మొదట్లో చిల్లర గలగల, క్యాష్ రిజిస్టర్ చప్పుడు, కాగితం చిరిగే శబ్దం తాళంలో వినిపిస్తాయి. ఒక్కో శబ్దం ఉన్న టేపు ముక్కని సమానంగా కొలిచి, కత్తిరించి, అతికించి, చుట్టలా తిప్పి చేసిన పని అది. ఆ పాట ఏడు దెబ్బల తాళంలో నడుస్తుంది. ఈ లూప్ మొదటి వెర్షన్ కోసం వాటర్స్ ఇంట్లో తన భార్య కుండల పనికి వాడే గిన్నెలో నాణేలు వేసి రికార్డ్ చేశారు.

1973లోనే పార్సన్స్ ఈ ఆల్బమ్‌కి నాలుగు ఛానళ్ల ‘క్వాడ్రాఫోనిక్’ మిక్స్ చేశారు. కానీ ఆ ఫిబ్రవరిలో లండన్ ప్లానెటోరియంలో ప్రెస్‌కి ఆల్బమ్ వినిపించే రోజుకి అది సిద్ధం కాలేదు. స్టీరియోలోనే వినిపించారు. బ్యాండ్ సభ్యులకి అది నచ్చలేదు. రిచర్డ్ రైట్ తప్ప మిగతా ముగ్గురూ ఆ కార్యక్రమానికి రాలేదు.

క్వాడ్ ఎందుకు ఫెయిల్ అయ్యింది?

ఐడియా బాగుంది. మార్కెట్ మాత్రం కలిసిరాలేదు. కారణాలు ఇవీ..

* కంపెనీకో పద్ధతి. సీబీఎస్ వాళ్లది ఎస్‌క్యూ, సాన్సుయ్ వాళ్లది క్యూఎస్, జేవీసీ వాళ్లది సీడీ-4. ఒకదాని రికార్డు ఇంకోదాని డీకోడర్‌లో సరిగ్గా పలకదు.

* ఎస్‌క్యూ పద్ధతిలో నాలుగు ఛానళ్లని రెండుగా కుదించి రికార్డు గాడిలో పెట్టి, ప్లే చేసేటప్పుడు మళ్లీ నాలుగుగా విడదీస్తారు. ఆ విడదీతలో ఒక మూల శబ్దం ఇంకో మూలకి కారిపోతుంది. ‘డార్క్ సైడ్’ క్వాడ్ ఎల్‌పీ వచ్చింది ఈ పద్ధతిలోనే.

* ఇంట్లో మరో రెండు స్పీకర్లు, కొత్త యాంప్లిఫయర్, డీకోడర్ కొనాలి. ఖర్చు తడిసి మోపెడు.

1970ల చివరికి క్వాడ్ కథ ముగిసింది. పార్సన్స్ మిక్స్‌ని ఆయన స్టూడియోలో విన్నంత శుభ్రంగా ఇంట్లో విన్నవాళ్లు చాలా తక్కువ.

2003: అదే టేపు.. వేరే ఇంజనీర్

ముప్పై ఏళ్లు గడిచాయి. సోనీ, ఫిలిప్స్ కలిసి 1999లో తెచ్చిన ఎస్‌ఏసీడీ అనే డిస్క్‌లో ఆరు ఛానళ్ల సంగీతాన్ని కుదింపు లేకుండా విడివిడిగా ఇచ్చే వీలు వచ్చింది. 2003 మార్చిలో ‘డార్క్ సైడ్’ 30 ఏళ్ల సందర్భంగా 5.1 వెర్షన్ విడుదలైంది.

ఆ పని పార్సన్స్‌కి దక్కలేదు. బ్యాండ్‌తో ‘ది వాల్’ ఆల్బమ్ నుంచీ పనిచేస్తున్న జేమ్స్ గత్రీకి ఇచ్చారు. అసలు రికార్డింగ్ చేసింది, మొదటి క్వాడ్ మిక్స్ చేసింది తానే కాబట్టి ఈ నిర్ణయం మీద పార్సన్స్ బహిరంగంగానే అసంతృప్తి చెప్పారు. అభిమానులు కూడా రెండుగా చీలిపోయారు. ఆ గదిలో ఉండి ప్రతి శబ్దాన్నీ పట్టినవాడికి హక్కు ఎక్కువా? బ్యాండ్ నమ్మినవాడికి ఎక్కువా? ఈ వాదన ఇప్పటికీ తెగలేదు.

టెక్నికల్‌గా గత్రీకి ఒక వీలు దొరికింది. 1972లో స్టూడియోలో ఉన్నది 16 ట్రాకుల టేపు. అవి నిండిపోతే కొన్నింటిని కలిపి రెండో టేపు మీదకి కాపీ చేసి, ఖాళీ చేసుకున్న చోట కొత్తవి రికార్డ్ చేసేవారు. జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టు, టేపు కాపీలో ప్రతిసారీ కొంత స్పష్టత పోతుంది, కొంత ‘హిస్’ చేరుతుంది. 1973 స్టీరియోలో మనం విన్న కొన్ని వాయిద్యాలు అలాంటి కాపీలే. గత్రీ ఆ కాపీల కంటే ముందున్న మొదటి టేపుల దగ్గరికి వెళ్లి, వాటిని ఒకదానితో ఒకటి జత కలిపి మిక్స్ చేశారు. డ్రమ్స్ మీద దుమ్ము దులిపినట్టు వినిపించడానికి కారణం ఇదే. స్పీకర్ల సంఖ్య ఒక్కటే కాదు.

ఇక్కడో మలుపు కూడా ఉంది. పార్సన్స్ సొంత బ్యాండ్ ‘అలన్ పార్సన్స్ ప్రాజెక్ట్’ 1982లో చేసిన ‘ఐ ఇన్ ది స్కై’ ఆల్బమ్ సర్‌రౌండ్ ఎడిషన్‌కి 2019లో ఇమ్మర్సివ్ ఆడియో విభాగంలో గ్రామీ వచ్చింది.

వింటే ఏం తేడా తెలుస్తుంది?

మనకి సర్‌రౌండ్ అంటే ముందు గుర్తొచ్చేది సినిమా హాలు. థియేటర్‌లో తెర ఉంటుంది కాబట్టి ‘ముందు’ ఏదో తెలుసు. మాటలు తెర నుంచి, వాన వెనక నుంచి, హెలికాప్టర్ పక్క నుంచి వస్తే చాలు. పాటకి తెర లేదు. డ్రమ్స్ ముందుండాలా? గాయకుడు మధ్యలో నిలబడాలా? వినేవాడు ప్రేక్షకుడా, లేక బ్యాండ్ మధ్యలో కూర్చున్నవాడా? దీనికి రూల్ లేదు. మిక్స్ చేసేవాళ్లే తేల్చాలి.

ఈ ఆల్బమ్‌లో కొన్ని చోట్ల జవాబు పాటలోనే ఉంది.

స్పీక్ టు మీ: మొదట్లో గుండె చప్పుడు. నిజానికి అది నిక్ మేసన్ డ్రమ్. మంచి సబ్‌వూఫర్ ఉంటే చెవికంటే ముందు ఛాతీకి తెలుస్తుంది.

ఆన్ ది రన్: సింథసైజర్ మీద ఎనిమిది స్వరాలు వేగంగా తిరుగుతూ ఉంటాయి, వాటి మధ్య ఎవరో పరిగెడుతున్న అడుగుల చప్పుడు. స్టీరియోలో అది ఎడమ నుంచి కుడికి పోతుంది. సర్‌రౌండ్‌లో వీపు వెనక నుంచి పరిగెడుతుంది. ప్రయాణ భయం గురించిన పాట కాబట్టి ఆ ఉలికిపాటు అనవసరపు గిమ్మిక్కులా అనిపించదు.

టైమ్: గడియారాలు నాలుగు వైపుల నుంచి మోగుతాయి. తప్పించుకునే దిక్కు ఉండదు. పాట చెప్పేదీ అదే కదా.

మనీ: చిల్లర చప్పుడు గది చుట్టూ మూల మూలకీ నడుస్తుంది. ఈ లూప్‌ని క్వాడ్ కోసం నాలుగు ట్రాకుల మీద విడిగా చేశారు కాబట్టి ఇది 1973 నాటి ఆలోచనే. కొత్తగా కల్పించింది కాదు.

నష్టం కూడా ఉంది. స్టీరియోలో గిటార్, కీబోర్డ్, గొంతు అన్నీ ఒకదానిమీద ఒకటి పడి గోడలా వచ్చి తగులుతాయి. వాటిని విడదీసి గదిలో పరిస్తే ప్రతిదీ స్పష్టంగా వినిపిస్తుంది కానీ, ఆ గోడ పల్చబడొచ్చు. పాత శ్రోతలు కొందరు స్టీరియోనే మేలు అనడానికి కారణం ఇది. వాళ్ల మాట కొట్టిపారేసేది కాదు.

30 పౌండ్ల గొంతు

ఈ ఆల్బమ్‌లో ఒక్క మాట కూడా లేకుండా ఒక స్త్రీ గొంతు ఏడ్చి, అరిచి, అలసి, మెత్తబడే పాట ఒకటుంది. పేరు ‘ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై’. పాడింది క్లేర్ టోరీ. పార్సన్స్ ఆమె పేరు సూచించారు. 1973 జనవరిలో ఒక ఆదివారం వచ్చి, రిచర్డ్ రైట్ పియానో మీద అప్పటికప్పుడు ఏది తోస్తే అది పాడి వెళ్లిపోయారు. ఆదివారం కాబట్టి రెట్టింపు రేటు. చేతికి వచ్చింది 30 పౌండ్లు. దాన్ని వాడతారని కూడా ఆమె అనుకోలేదు. షాపులో ఆల్బమ్ కవర్ మీద తన పేరు చూశాకే తెలిసింది.

పాట స్వరకర్తగా మాత్రం రైట్ ఒక్కరి పేరే వేశారు. ఆ గొంతులోని రాగం తాను కట్టిందేనంటూ టోరీ 2004లో కోర్టుకి వెళ్లారు. 2005లో రాజీ కుదిరింది. అప్పటి నుంచి రైట్‌తో పాటు ఆమె పేరు కూడా స్వరకర్తగా పడుతోంది.

సర్‌రౌండ్‌కీ దీనికీ సంబంధం ఏంటంటారా? మల్టీట్రాక్ టేపు విప్పితే ఎవరు ఏం చేశారో బయటపడుతుంది. రెండు స్పీకర్లలో కలిసిపోయిన గొంతుకి చుట్టూ చోటు దొరికితే, ఆ పాట ఎవరి ఊపిరి మీద నడుస్తోందో వినేవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది.

ఏ డిస్క్‌లో ఏముంది?

* 1973 క్వాడ్ ఎల్‌పీ: పార్సన్స్ మిక్స్. డీకోడర్ కావాలి.

* 2003 ఎస్‌ఏసీడీ: గత్రీ 5.1 మిక్స్, దాంతోపాటు స్టీరియో. ఇది హైబ్రిడ్ డిస్క్. మామూలు సీడీ ప్లేయర్‌లో పెడితే స్టీరియో వస్తుంది, 5.1 కావాలంటే ఎస్‌ఏసీడీ ప్లేయర్ ఉండాలి.

* 2011 ‘ఇమ్మర్షన్’ బాక్స్ సెట్: గత్రీ 5.1తో పాటు పార్సన్స్ క్వాడ్ మిక్స్ కూడా ఉంది. ఇద్దరి పనినీ పక్కపక్కన పెట్టి పోల్చుకోవాలంటే ఇదే దారి.

* 2023 బాక్స్ సెట్ (50 ఏళ్ల సందర్భంగా): గత్రీ చేసిన డాల్బీ అట్మాస్ మిక్స్ బ్లూ-రేలో ఉంది.

అట్మాస్‌లో కొత్త ఏంటి?

5.1లో ఇంజనీర్ శబ్దాన్ని ఫలానా స్పీకర్‌కి పంపుతారు. అట్మాస్‌లో స్పీకర్ పేరు చెప్పాల్సిన పనిలేదు. ఈ శబ్దం గదిలో ఫలానా చోట, ఇంత ఎత్తులో ఉండాలని రాసిపెడతారు. మీ ఇంట్లో ఎన్ని స్పీకర్లు ఉంటే వాటిని బట్టి సిస్టమ్ లెక్క కట్టుకుంటుంది. తల మీద నుంచి కూడా శబ్దం రావడం దీని ప్రత్యేకత. 2012లో సినిమాలతో మొదలైన ఈ పద్ధతి తర్వాత సంగీతానికి వచ్చింది. 2021లో యాపిల్ మ్యూజిక్ దీన్ని తన సర్వీసులో చేర్చాక మొబైల్ శ్రోతల దాకా చేరింది.

ఇంట్లో, మొబైల్‌లో ఎలా వినాలి?

5.1 సెట్ ఉంటే: అన్ని స్పీకర్లూ మీ సీటుకి దాదాపు ఒకే దూరంలో, చెవి ఎత్తులో ఉండాలి. సెంటర్ స్పీకర్ ఎదురుగా. ముందువి రెండూ మధ్య గీత నుంచి చెరో 30 డిగ్రీల పక్కకి. వెనకవి రెండూ సుమారు 110 డిగ్రీల దగ్గర, అంటే చెవులకి కొంచెం వెనగ్గా. చాలా ఇళ్లల్లో వెనక స్పీకర్లని వైరు చాలక టీవీ పక్కనే పెట్టేస్తారు. అలాగైతే సర్‌రౌండ్ డిస్క్ పెట్టినా లాభం లేదు.

సౌండ్‌బార్ ఉంటే: శబ్దాన్ని గోడలకి కొట్టి వెనక నుంచి వస్తున్న భ్రమ కల్పిస్తుంది. గది ఒక పక్క తెరిచి ఉంటే ఆ భ్రమ అంతగా పని చేయదు.

ఇయర్‌ఫోన్స్ అయితే: ఉన్నవి రెండే స్పీకర్లు. అయినా దిక్కు తెలుస్తుంది. మన రెండు చెవులకి శబ్దం చేరే టైమ్‌లో, తీరులో ఉండే చిన్న తేడాలని బట్టే మెదడు దిక్కుని పోల్చుకుంటుంది. సాఫ్ట్‌వేర్ ఆ తేడాలని లెక్కగట్టి కలుపుతుంది. చెవి ఆకారం మనిషికో రకంగా ఉంటుంది కాబట్టి అందరికీ ఒకేలా పని చేయదు. ఫోన్ స్పీకర్‌లో మాత్రం ఈ తేడా కోసం వెతకొద్దు.

ఒక జాగ్రత్త: రెండు వెర్షన్లు పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా పెట్టుకోండి. కొంచెం గట్టిగా వినిపించేదే బాగున్నట్టు చెవి మోసపోతుంది.

ఇంతకీ ఏది ‘అసలు’ ఆల్బమ్?

కోట్లాది మంది విన్నది, ప్రేమించింది 1973 స్టీరియో. దాన్ని ఏ డిస్కూ చెరిపేయలేదు, చెరిపేయాల్సిన పనీ లేదు. కానీ గడియారాలని నాలుగు మూలల కోసం రికార్డ్ చేసినవాళ్ల మనసులో ఉన్న ఆల్బమ్ రెండు స్పీకర్లలో పూర్తిగా పట్టలేదన్నది కూడా నిజమే. ఆ రోజు ప్లానెటోరియంలో వినిపించాలనుకుని వినిపించలేకపోయింది, ముప్పై ఏళ్ల తర్వాత మరొకరి చేతుల మీదుగా ఇళ్లకి చేరింది.

కొత్తగా వినేవాళ్లు ముందు స్టీరియోలో, లైట్లు ఆపి, ఫోన్ పక్కన పెట్టి, 43 నిమిషాలూ ఆపకుండా ఒకసారి వినండి. తర్వాత సర్‌రౌండ్‌కి వెళ్లండి. చివర్లో గుండె చప్పుడు నెమ్మదిగా తగ్గిపోయేటప్పుడు వాల్యూమ్ పెంచకండి. అది నిశ్శబ్దంలో కలిసేదాకా అలాగే ఉండండి. ఆ చోట ఎన్ని స్పీకర్లు ఉన్నాయో ఎవరికీ గుర్తుండదు.